అద్దానికి తలంటు

గురువుగారి గ్రహం అసలు గ్రహమే కాదని శిష్యుడికి తెలిస్తే, ఆ శిష్యుడు ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న బాలశౌరిని పట్టుకుని వదల్లేదు. మెస్సులో మూడో వాయి అన్నం పెట్టించుకోవడం మానేశాడు. శౌరి మూడో వాయి మానడమంటే మాటలు కాదు. వంటాయన గరిటె పట్టుకుని బయటికొచ్చి, ఎందులో ఉప్పెక్కువైందోనని గిన్నె గిన్నె రుచి చూశాడు. చూసి చూసి కడుపు నిండిపోయి ఆ పూట తను అన్నం తినలేకపోయాడు.

ఇదంతా ఉలవకొండ మీద జరిగింది. ఉలవకొండ ఎంత ఎత్తంటే, వానాకాలంలో మబ్బులు దాని నడుం దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుని మరీ పైకెక్కుతాయి. కొండ నెత్తిన ఒక వేధశాల. వేధశాలలో ఏనుగు దూరేంత దూరదర్శిని. ఆ దూరదర్శిని వెనక డాక్టర్ వకుళాదేవి.

ఆవిడ కొండెక్కిన నాడు పైకి రోడ్డు లేదు. ఒక చేత్తో ట్రంకుపెట్టె, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కింది. ఎక్కిన దగ్గర్నించీ రాత్రిపూట నిద్రపోయింది వాన పడ్డప్పుడేనంటారు. విదేశాల వాళ్ళు రమ్మని పిలిస్తే, "మీ దగ్గర నా నక్షత్రం కనిపించదు కదా" అని జవాబు రాసిందట. నక్షత్రాలు కూడా ఆవిడకి భయపడి వేళకి ఉదయిస్తాయని కొండ కింద ఊళ్ళో గట్టి నమ్మకం.

పాతికేళ్ళ కిందట ఆవిడ ఒక నక్షత్రం వణుకు పట్టుకుంది. అది మన వైపు రవ్వంత వస్తోంది, మళ్ళీ రవ్వంత వెనక్కి పోతోంది. పక్కన కంటికి ఆననిదేదో తిరుగుతూ దాన్ని లాగుతోందన్నమాట. ఆ లాగుడు లెక్కగట్టి, అదొక గ్రహమని, బృహస్పతికి కనీసం ఆరింతల బరువుంటుందని రాసింది. ఉలవకొండ మీంచి దొరికిన తొలి గ్రహం అది.

పత్రికల వాళ్ళు "కనీసం" అన్న మాట కొట్టేశారు. ఊళ్ళోవాళ్ళు ఆరింతలు కూడా కొట్టేసి, "మన గ్రహం" అనేశారు.

ఇక చూడాలి ఉలవపల్లె హోదా. టీకొట్టు గ్రహం టీస్టాల్ అయింది. బస్సు కండక్టరు "గ్రహం, గ్రహం దిగండి" అని కేకేయడం మొదలెట్టాడు. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లల్లో సగంమందికి వకుళ అని పేరు. తక్కిన సగంమందికి పెట్టలేదంటే, వీధిలో ఒకర్ని పిలిస్తే పదిమంది పలుకుతున్నారని. పక్క ఊరివాళ్ళకి చెరకు తోటలున్నాయి, సినిమా హాలుంది, రైలు కూడా ఆగుతుంది. ఆగితే మాత్రం? గ్రహముందా?

ఇప్పుడు ఆ ఊరు చందాలేసుకుని బస్టాండులో గ్రహానికి గోళం కట్టించింది. ఆదివారం ఆవిష్కరణ. గుడ్డ తీసేది వకుళాదేవి. ఆవిడ గొప్పతనం గురించి మాట్లాడేది శిష్యుడు బాలశౌరి.

వచ్చిన చిక్కంతా అదే.

థీసిస్ కోసం మేడమ్ శౌరికి కొన్ని నక్షత్రాలిచ్చింది. వాటిలో ఆవిడ నక్షత్రం కూడా ఉంది. నక్షత్రం మన వైపు వచ్చి పోవడం ఒకప్పుడు ఆవిడ కొలిచింది. అది పక్కకి ఎంత ఊగుతోందో కొలవడం శౌరి పని. మొదటి కొలతతో తెలిసేది కనీసపు బరువే, రెండూ కలిస్తేనే అసలు బరువు తేలేది. పాత ఫొటోలూ, అంతరిక్షంలోని దూరదర్శిని పంపిన కొత్త కొలతలూ కలిపి, కళ్ళు కాయలు కాచేలా కూర్చుని కొలిచాడు. ఊగుడు చిన్నది కాదు. పక్కకి అంతగా ఊగాలంటే లాగేది ఆరింతల గ్రహమైతే చాలదు. బృహస్పతికి యాభై ఇంతలు పైమాటే ఉండాలి.

అంత బరువుంటే దాన్ని గ్రహం అనరు. అలాగని నక్షత్రమూ కాదు. నక్షత్రం కావాలని బయల్దేరి, మంట అందుకోక, రాజుకోని కుంపటిలా మిగిలిపోయినది. దాన్ని బ్రౌన్ డ్వార్ఫ్ అంటారు. వకుళాదేవి తన ఉద్యోగంలో సగకాలం గ్రహాల వెంట పడితే, తక్కిన సగం వీటి వెంట పడింది. సూర్యుడిలాంటి నక్షత్రాలకి దగ్గర్లో ఇవి మహా అరుదు. ఎడారిలో చెలమలాగా. ఆవిడ ఇరవై ఏళ్ళు వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

శౌరి లెక్క మళ్ళీ చేశాడు. తిరగేసి చేశాడు. తలకిందులుగా నిలబడి కూడా చేశాడేమో, గదిలో ఎవరు చూశారు. ఎలా చేసినా అదే వచ్చింది.

చివరికి ఒక నిశ్చయానికొచ్చాడు. ఆ నక్షత్రం గురించి రాసిన అధ్యాయం థీసిస్‌లోంచి తీసేస్తాడు. కొలతలు బాగాలేవంటాడు. ఆవిడ పరువు ఆవిడకి ఉంటుంది. ఊరి గోళం ఊరికి ఉంటుంది. తనేమైనా ఫరవాలేదు.

అలా అనుకోగానే శౌరి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. శిబి చక్రవర్తి పావురం కోసం తొడ కోసిచ్చాడు. మనవాడు గురువు కోసం ఏకంగా నాలుగో అధ్యాయం కోసిచ్చాడు. ఆ పూట మెస్సులో మూడో వాయి పెట్టించుకున్నాడు, నాలుగోదీ పెట్టించుకున్నాడు.

సాయంత్రం మేడమ్ గదికి వెళ్ళాడు. ఆవిడ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. ఎదురుగా ఊరి సర్పంచ్ ఓబుళమ్మ. వాన తుంపరకి తడిసిన గొడుగు గుమ్మంలో ఆరేసి, ఆదివారం ఏర్పాట్లు చెబుతోంది.

"గోళానికి సుట్టూ రింగు కూడా ఏయించినాం మేడమ్."

"దానికి రింగుందని నేనెప్పుడన్నాను ఓబుళమ్మా?"

"మీరు అనల్యా. రింగు ల్యాకుంటే ఎవురు నమ్ముతారు? ఉత్త గోళం పెడితే నీళ్ళ ట్యాంకనుకుంటారు."

వకుళాదేవి కాయ ఒలిచి నోట్లో వేసుకుని, సరేనన్నట్టు తలాడించింది. ఓబుళమ్మ లేచి, "నువ్వు బాగా మాట్లాడల్ల శౌరి సారూ. కండ్లల్లో నీళ్ళు రావల్ల" అని చెప్పి వెళ్ళిపోయింది.

శౌరి గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఆ నక్షత్రం ఉంది కదా. మీది."

"ఊఁ."

"దాని కొలతలు సరిగ్గా రాలేదు. పాత ఫొటోలు బాగాలేవు. థీసిస్‌లోంచి తీసేద్దామనుకుంటున్నాను."

ఆవిడ అతని వంక చూసింది. ముప్ఫై అయిదేళ్ళు చీకట్లోకి చూసిన కళ్ళవి. మినుకు మినుకుమనేవాటిని పట్టుకోవడం వాటికి అలవాటు.

"ఎంత బాగాలేవు?"

"కొంచెం."

ఇంకేమీ అడగలేదు. గుప్పెడు కాయలు అతని చేతిలో పోసింది.

"రేపు అద్దానికి తలంటు. పెందలాడే రా."

వానాకాలమంతా ఉలవకొండ దూరదర్శినికి సెలవు. ఆ సెలవుల్లోనే రెండేళ్ళకోసారి అద్దానికి తలంటు పోస్తారు. దూరదర్శిని అడుగున పెద్ద పళ్ళెంలా ఉండే అద్దానికి పైన అల్యూమినియం పూత ఉంటుంది. ఎంత సన్నమంటే, ఉల్లిపొర దాని పక్కన పెడితే దుప్పటి. వెలుగుని పట్టేది ఆ పూతే. గాలికీ తేమకీ అది మెల్లగా మసకబారుతుంది. అప్పుడు అద్దాన్ని క్రేనుతో కిందికి దించి, పాత పూతంతా మందునీళ్ళతో కడిగేసి, గాలి తీసేసిన ట్యాంకులో పెట్టి కొత్త పూత వేస్తారు.

ఆ రోజు కొండమీద పెళ్ళి సందడే. కాకపోతే ఎవరూ మాట్లాడరు. అందరూ తలకి గుడ్డలు కట్టుకుని, గ్లౌజులు తొడుక్కుని, తుమ్మొస్తే ఉద్యోగం పోతుందన్నట్టు ముక్కు పట్టుకుని నిలబడతారు. గడియారాలూ ఉంగరాలూ ముందే తీసిపెట్టేస్తారు. మందునీళ్ళలో ముంచిన తొలి దూది పెట్టేది వకుళాదేవి. అద్దం కొండెక్కిన నాటి నుంచీ అదే ఆనవాయితీ.

క్రేను నడిపే ఖాసిం అద్దాన్ని పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు దించి, పీట మీద కూర్చోబెట్టాడు. దూది ఉండ తెచ్చి మేడమ్‌కి అందించాడు.

ఆవిడ తీసుకుంది. తీసుకుని శౌరి వైపు చాచింది.

"నువ్వు మొదలుపెట్టు."

శౌరి ఖాసిం వంక చూశాడు. ఖాసిం కప్పు వంక చూశాడు.

"నేనా మేడమ్?"

"ఇక్కడ ఇంకో శౌరి ఉన్నాడా?"

దూది తీసుకుని అద్దం మీదికి వంగాడు. లోపల్నించి అతని మొహమే అతన్ని చూసింది. వెనక మేడమ్ మొహం. ఆ పైన డోము లోపలి ఇనప కమ్ములన్నీ. వెండి చెరువులా మెరిసిపోతోంది. దాన్ని తుడిచెయ్యాలంటే చెయ్యి రాలేదు.

"ఇంకా తళతళలాడుతూనే ఉంది కదా మేడమ్. ఇంకో ఏడాది ఆగొచ్చేమో."

"నీ మొహం చూసుకోవడానికైతే ఇంకో ఇరవై ఏళ్ళు ఆగొచ్చు," అంది వకుళాదేవి. "తుడువు."

"శౌరి సార్ చేతులు వణుకుతున్నాయి మేడమ్," అన్నాడు ఖాసిం.

"వణకనీ. వణక్కపోతే అద్దం ఇవ్వకూడదు."

శౌరి దూది ఆనించాడు. ముందు ఏమీ కాలేదు. తరవాత వెండి మీద ఒక మచ్చ లేచింది. మచ్చ చుట్టూ చిన్న చిన్న బుడగలు. చూస్తూ ఉండగానే అతని మొహంలో ముక్కు పోయింది, చెంప పోయింది, ఆ వెనక మేడమ్ మొహమూ కరిగిపోయింది. అక్కడ గాజు బయటపడింది. ఎండాకాలపు ఏటి నీళ్ళలా లేతాకుపచ్చగా, నిమ్మళంగా ఉంది.

ఆవిడ పక్కన వంగి చూసింది.

"గీత పడిందా?"

"లేదు మేడమ్."

"పగిలిందా?"

"లేదు."

"ఈ అద్దాన్ని నేను ఎన్నిసార్లు కడిగానో నాకే గుర్తులేదు. ఒక్కసారి కూడా నా మీద అలగలేదు."

అని, తనూ ఒక దూది తీసుకుని అవతలి అంచు నుంచి తుడవడం మొదలుపెట్టింది. ఇద్దరూ చెరో వైపు నుంచీ తుడుచుకుంటూ వస్తున్నారు. మధ్యలో వెండి తరిగిపోతోంది. దోసెడంత మిగిలాక శౌరి చెయ్యి ఆగింది.

"మేడమ్, ఆ కొలతలు బాగానే ఉన్నాయి."

"ఊఁ."

"నక్షత్రం పక్కకి ఊగుతోంది. చాలా ఊగుతోంది."

"ఎంత?"

చెప్పాడు. వకుళాదేవి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. కంప్యూటర్లు రాకముందు కొండమీద లెక్కలన్నీ ఆ పెదాల మీదే జరిగేవి.

"బృహస్పతికి యాభై ఇంతలు."

"యాభై రెండు మేడమ్."

ఆవిడ గ్లౌజు చేతులు అద్దం అంచు మీద ఆగిపోయాయి. పాతికేళ్ళు ఆవిడ పేరు పక్కన నడిచిన గ్రహం అది. బళ్ళో పిల్లల పుస్తకాల అట్టల మీద ఉంది, ఊరి బస్టాండులో గుడ్డ కింద ఉంది. ఖాసిం క్రేను హుక్కు పట్టుకుని, ఆవిడ పడిపోతే దాంతోనే లేపుతానన్నట్టు నిలబడ్డాడు.

కాసేపటికి ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నారు. నవ్వుతోంది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాన్రా," అంది. "ఇరవై ఏళ్ళు."

శౌరి ఇక దాచలేకపోయాడు.

"మీ పరువు పోతుందని మేడమ్. అందుకే తీసేద్దామని..."

"నా పరువు మొయ్యడానికి నిన్ను పెట్టుకోలేదు నాయనా. ఆ బకెట్టు మొయ్యి."

శౌరి బకెట్టు ఎత్తాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మరి ఆదివారం?"

"నువ్వే చెప్పు."

"అందరి ముందా?"

"గ్రహమని నేను చెప్పింది అందరి ముందే కదా."

ఆదివారం ఉలవపల్లె బస్టాండు ఇసకేస్తే రాలనట్టుంది. చుట్టుపక్కల ఏడూళ్ళ జనం. ఇళ్ళల్లో పిల్లులు కూడా మిగల్లేదు. వకుళాదేవి తాడు లాగింది. గుడ్డ జారింది. నీలం రంగు గోళం, దానికి బంగారు రంగు రింగు. చప్పట్లకి బస్సు షెడ్డు రేకులు లేచి మళ్ళీ కూర్చున్నాయి.

శౌరి మైకు ముందుకొచ్చాడు. రాసుకొచ్చిన పొగడ్తలు జేబులోనే ఉంచేశాడు.

"ఇది గ్రహం కాదు," అన్నాడు.

టీస్టాల్లో పోస్తున్న టీ గ్లాసు దాటి పొర్లింది.

ఎందుకు కాదో చెప్పాడు. మేడమ్ ఏం కొలిచిందో, తనేం కొలిచాడో చెప్పాడు. గ్రహం కన్నా ఎంతో బరువైనదని, నక్షత్రం కావడానికి మాత్రం చాలలేదని, ఇలాంటిది దొరకడం చాలా అరుదని చెప్పాడు. ఆపకుండా చివరిదాకా చెప్పాడు.

ముందు వరసలోంచి ఒక తలపాగా పెద్దాయన లేచాడు. పక్క ఊరి మనిషి. ఇలాంటి రోజు కోసమే పాతికేళ్ళుగా బతికున్నట్టు లేచాడు.

"అంటే ఇన్నాళ్ళూ మేడమ్ తప్పు చెప్పిందనేగా?"

వకుళాదేవి లేచి వచ్చి మైకు తన వైపు తిప్పుకుంది.

"నేను సగం చూశాను," అంది. "మిగతా సగం వీడు చూశాడు. వీడు నా శిష్యుడు."

ఆ చివరి మాట ఆవిడ అన్న తీరు వినాలి. తన గ్రహం గురించి అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గొంతుతో చెప్పలేదు.

ఓబుళమ్మ ముందుకొచ్చింది. గోళం చుట్టూ ఒకసారి తిరిగింది.

"మేడమ్, సైజేమన్నా మారిందా?"

"సైజు ఇంచుమించు అంతే. బరువే ఎనిమిదింతలు పెరిగింది."

"అట్లయితే గోళం మార్చే పనిల్యా," అని తేల్చేసి, పక్క ఊరి పెద్దాయన వైపు తిరిగింది. "ఇంటివా అన్నా? గ్రహాలు శానా మందికి ఉంటాయంట. ఇట్లాంటివి దొరకవంట. కూసో, టీ తాగు."

ఈలలు మొదలయ్యాయి. పొద్దు గూకేలోగా కబురు ఏడూళ్ళూ దాటిపోయింది. మొదటి ఊళ్ళో బరువు ఎనిమిదింతలు, రెండో ఊళ్ళో ఎనభై, నాలుగో ఊరు దాటేసరికి ఉలవపల్లె వాళ్ళ గ్రహం పెరిగి పెద్దదై, పక్క నక్షత్రాన్ని మింగేసిందని చెప్పుకున్నారు. టీస్టాల్ బోర్డు మీద మాత్రం కొత్త పేరు పట్టలేదని, పాతదే ఉంచేశారు.

గురువూ శిష్యుడూ జీపు వద్దని, చల్లబడ్డాక కొండ నడిచి ఎక్కారు. మొదటి మలుపు దగ్గర ఆవిడ రాతి మీద కూర్చుంది. శౌరి పక్కన నిలబడ్డాడు. జనం తట్టి తట్టి భుజం వాచింది. ఆ నొప్పి కూడా తియ్యగానే ఉంది.

"మేడమ్, ఒకటడగొచ్చా?"

"అడుగు."

"మీకు ఎప్పుడూ అనుమానం రాలేదా?"

"కనీసం అని రాసింది ఎవరు?"

"మరి మీరే కొలవొచ్చు కదా."

"కాకిపిల్ల కాకికి ముద్దు. నేను కొలిస్తే నాకు గ్రహమే కనిపించేది. వేరేవాళ్ళ చెయ్యి పడాలి." కొంగుతో మెడ తుడుచుకుంది. "అందుకే నీకంటే ముందు ముగ్గురికి ఇచ్చాను ఆ నక్షత్రాన్ని."

శౌరి తలెత్తాడు. ముగ్గురూ ఇప్పుడు పెద్ద పెద్ద చోట్ల ప్రొఫెసర్లు.

"ఏం చెప్పారు మేడమ్?"

"ఒకడు ఫొటోలకి బూజు పట్టిందన్నాడు. ఒకమ్మాయి గడియారం తప్పంది. ఇంకొకడు ఏమీ చెప్పకుండా, వేరే నక్షత్రం కావాలని అడిగి తీసుకున్నాడు."

ఆవిడ లేచి, మోకాళ్ళు ఒకసారి పట్టుకుని వదిలి, పైకి నడక సాగించింది.

"పాపం, ముగ్గురూ నన్ను కాపాడారు," అంది, వెనక్కి చూడకుండానే.

శౌరి వెనకాలే నడిచాడు. నాలుగోవాడు ఎవరు కాబోయాడో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు.